డబ్బిద్దామా, సరుకులిద్దామా? మా కమిటీలో తెగని గొడవ

సందేహాలరావు
మాది చిన్న సహాయ బృందం. వరదలో అన్నీ పోగొట్టుకున్న కుటుంబాలకు మూడు నెలలు అండగా ఉందామని చందాలు పోగుచేశాం. డబ్బు చేతికొచ్చాక కమిటీ రెండుగా చీలింది. సగం మంది సరుకుల కిట్లు కొనిద్దాం అంటారు. మిగతా సగం, ఎవరికేం కావాలో వాళ్లకే తెలుసు, ఖాతాలో వేసేద్దాం అంటారు. నాకు రెండోదే సబబనిపిస్తోంది. కానీ పెద్ద దాత ఒకాయన ఉన్నాడు. బస్తాలు కనిపించాలి, ఫొటోలు రావాలి అంటాడు. డబ్బిస్తే తాగేస్తారని ఆయన గట్టి నమ్మకం. పెద్ద సంస్థలు ఈ విషయం ఎలా తేల్చుకుంటాయి? తెలిసినవాళ్లు చెప్పండి. నీతిబోధలు మాత్రం వద్దు, అవి కమిటీలోనే బోలెడు.

మౌనముని
ఖాతాలో పడ్డ డబ్బుకి ఫొటో తీయలేరు కదండీ. ఆయన బాధ అది.

అంకెలపిచ్చి
తాగుడు సంగతి ముందు తీసేద్దాం, లేకపోతే చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో వేర్వేరు దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలు ముందేసుకుని చూశారు. నగదు సాయం అందినవాళ్లు మద్యం, పొగాకు మీద ఖర్చు పెంచినట్టు కనబడలేదు. కొన్నిచోట్ల తగ్గింది కూడా. ఈక్వడార్ ఉత్తర ప్రాంతంలో కొలంబియా శరణార్థులకు, అక్కడి పేదలకు కలిపి ఐక్యరాజ్య సమితి సంస్థ అయిన ప్రపంచ ఆహార కార్యక్రమం 2011లో ఒక పథకం నడిపింది. కొందరికి డబ్బు, కొందరికి కొట్లో చెల్లే కూపన్లు, కొందరికి సరుకులు, అన్నీ ఒకే విలువకి. ఎవరికేది అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. భార్యల మీద హింస మూడు గుంపుల్లోనూ తగ్గింది. మీ దాతగారి భయం నిజమై తాగుడు పెరిగితే, డబ్బు అందిన ఇళ్లలో ఆ హింస కూడా పెరగాలి కదా.

అడ్డంగా_అడుగుతా
సర్వేకి వచ్చినవాడి ముందు 'అవునండీ, తాగేశాను' అని ఎవడు ఒప్పుకుంటాడు? ఈ అంకెలన్నీ జనం నోటితో చెప్పినవే.

అంకెలపిచ్చి
మంచి ప్రశ్నే. అందుకే సాయం అందని కుటుంబాల్ని కూడా అవే ప్రశ్నలు అడిగి పోలుస్తారు. అబద్ధమాడాలనుకుంటే ఇద్దరూ ఆడతారు. డబ్బు తీసుకున్నవాళ్లు కాస్త ఎక్కువ దాస్తారేమో అంటారా, దాచొచ్చు. కానీ అంత పెద్ద తేడా వాళ్ల మాటల్లో దాక్కుంటుందని నేననుకోను.

గోడౌన్_బాబాయ్
సహాయ సరుకుల గోదాముల్లో చాలాకాలం పనిచేశాను కాబట్టి నేను బస్తాల పక్షం అనుకోకండి. ముందు బరువు లెక్క వినండి. మనిషికి రోజుకి 2,100 కిలోకేలరీలు అన్నది ఇలాంటి పనుల్లో వాడే ప్రామాణిక లెక్క. దానికోసం ధాన్యం 400 గ్రాములు, పప్పు 60, నూనె 25 దాకా వేసుకుంటారు. అయిదుగురున్న ఇంటికి నెలకి అది 70 కిలోలు దాటుతుంది. ఆ బరువు పంపిణీ చోటు నుంచి ఇంటికెవరు మోస్తారు? ఇంటావిడే. లేదా బండివాడికి కూలిస్తుంది. ఆ కూలి ఎక్కడిది? ఇచ్చిన సరుకుల్లోంచి కొంత అమ్మితే వచ్చింది. గింజలిచ్చారనుకోండి, మరపట్టించడానికి ఇంకొంత అమ్ముతుంది. పంపిణీ ముగిసి గంట కాకముందే గేటు బయట కొనేవాళ్లు కాటాలు పెట్టుకుని కూర్చోవడం నేను ఎన్నిసార్లు చూశానో. సగం ధరకి కొనేవారు. అంటే మనం ఓడలో తెచ్చి, లారీలో తెచ్చి, కాపలా పెట్టి పంచిన సరుకుని ఆవిడ నష్టానికి డబ్బుగా మార్చుకుంటోందన్నమాట. అదేదో ముందే డబ్బిచ్చుంటే పోయేది.

ఈ మాట విని నగదు పార్టీవాళ్లు చప్పట్లు కొట్టొద్దు, నాది ఇంకా అయిపోలేదు. సంత నడవని చోట నోట్ల కట్ట ఇస్తే ఆవిడ వాటిని ఉడకబెట్టుకోవాలా?

మౌనముని
బాబాయ్ రెండు పార్టీలకీ చెరో దెబ్బ వేశాడు.

నీలిగొడుగు
నేను శిబిరంలో ఉండి కిట్లు తీసుకున్నదాన్ని, అందుకే రాస్తున్నా. మొదటి వారం ఆ కిట్టు దేవుడిచ్చినట్టే ఉంది. చేతిలో డబ్బున్నా కొనడానికి అప్పుడు ఏమీ లేదు. రెండో నెలకి అంగళ్లు తెరుచుకున్నాయి, మాకు మాత్రం అదే కిట్టు వచ్చింది. అప్పటికి నాకు కావలసింది మా అమ్మకి బీపీ మందులు, పిల్లాడికి చెప్పులు, వంటచెరుకు. పప్పులు మూటలు మూటలుగా ఉన్నాయి, పొయ్యిలోకి పుల్ల లేదు. నూనె డబ్బాలు అమ్మి మందులు కొన్నాను. ఆ అమ్మడం చూసిన ఒక కుర్రాడు, సహాయ బృందంలోవాడే, 'వీళ్లకి అవసరం లేదన్నమాట' అని పక్కవాడితో అనడం నా చెవిన పడింది. అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంకోటి, వరసలో నిలబడడం. పొద్దున వెళ్తే సాయంత్రం. కూలికి వెళ్లగలిగిన రోజు అలా పోయేది. దాన్ని ఎవరూ ఖర్చు కింద రాయరు.

సందేహాలరావు
నీలిగొడుగు గారూ, సాయం తీసుకున్నవాళ్ల మాట మా కమిటీలో ఇంతవరకు ఒక్కటీ వినపడలేదు. మీ పోస్టు అక్కడ చదివి వినిపించవచ్చా?

నీలిగొడుగు
వినిపించండి. పేరు అడిగితే గొడుగు అని చెప్పండి.

అంకెలపిచ్చి
వరస గురించి ఆవిడ చెప్పింది లెక్కలకీ అందింది. నైజర్‌లో కొందరికి డబ్బు చేతికిచ్చారు, కొందరికి మొబైల్ ఫోన్‌లో వేశారు, మొత్తం ఒక్కటే. ఫోన్‌లో వచ్చిన ఇళ్లలో ఆడవాళ్లకి తిరుగుడు తప్పి టైమ్ మిగిలింది, తిండిలో రకాలు కూడా పెరిగాయి.

గోడౌన్ ఖర్చుకి కూడా ఒక అంకె ఉంది. ఈక్వడార్‌లో ఒక్కసారి సరుకు చేరవేయడానికి అయిన ఖర్చు 11 డాలర్ల పైచిలుకు. డబ్బుకీ కూపన్‌కీ దాదాపు 3 డాలర్లు. అందిన సాయం విలువేమో నెలకి 40 డాలర్లు.

అడ్డంగా_అడుగుతా
ఫలితం మాటేమిటి? చవగ్గా చేరితే చాలా? సరుకులు అందినవాళ్లు ఎక్కువ తిన్నారా, తక్కువ తిన్నారా, అది దాటేశారు.

అంకెలపిచ్చి
దాటేయలేదు, వస్తున్నా. అక్కడ మూడు గుంపులూ మెరుగ్గా తిన్నాయి. కేలరీలు సరుకులవాళ్లకి ఎక్కువ పెరిగాయి, తిండిలో వైవిధ్యం కూపన్లవాళ్లకి ఎక్కువ పెరిగింది. నైజర్‌లోనే మరో అధ్యయనం ఉంది, అది మీకు నచ్చుతుంది. కరువు నెలల్లో సరుకులు అందిన కుటుంబాలే మెరుగ్గా తిన్నాయి. డబ్బు అందినవాళ్లు చవగ్గా దొరికే ధాన్యం బస్తాలు కొన్నారు, ఇల్లు బాగుచేసుకున్నారు, సాగుకి కొంత పెట్టుకున్నారు.

అడ్డంగా_అడుగుతా
చూశారా! తిండికని ఇస్తే గోడకి పోయింది.

గోడౌన్_బాబాయ్
అబ్బాయ్, వానాకాలం నెత్తిన కూర్చున్నప్పుడు కప్పు బాగుచేసుకోవడం దుబారా ఎలా అవుతుంది? సాయం ఎందుకిచ్చామన్నది మనం తేల్చుకోవాలి. ఆకలి తగ్గించడానికా, మనిషి నిలదొక్కుకోవడానికా? మొదటిదైతే సరుకు గెలిచింది. రెండోదైతే ఆ గోడ కూడా ఫలితమే.

వార్డు_నర్సు
పిల్లల వార్డు నుంచి ఒక మాట. ఇక్కడ అందరూ 'కుటుంబం' అని ఒకే ముద్దగా మాట్లాడుతున్నారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పసివాడు ఇంట్లో పెద్దలు తినేదాంట్లో వాటా తిని బతకలేడు. వాడి పొట్ట చిన్నది, వాడికి తక్కువ మోతాదులో ఎక్కువ బలం ఉండాలి. జబ్బల చుట్టుకొలత టేపుతో చూసి 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఆ పిల్లాడికి కావలసింది వేరుశనగ, పాలపొడి, విటమిన్లు కలిపిన చికిత్సా ఆహారం. పొట్లం చింపి నోట్లో పెట్టేదే, నీళ్లు కలపక్కర్లేదు. అది అంగట్లో దొరకదు, కాబట్టి తల్లికి ఎంత డబ్బిచ్చినా ఆ పొట్లం ఇంటికి రాదు. డబ్బా సరుకా అని ఎంతయినా కొట్టుకోండి, ఈ పిల్లల్ని ఆ గొడవలోంచి పక్కన పెట్టండి. వాళ్లకి మందిచ్చినట్టే ఇవ్వాలి.

సందేహాలరావు
ఇది మాకు తట్టనే లేదు. టేపులు ఎవరి దగ్గర అడగాలి?

వార్డు_నర్సు
దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రాన్ని అడగండి. టేపు మీరు వాడినా, పిల్లాడు కనబడితే చికిత్స మాత్రం వాళ్లకే వదిలేయండి. పొట్లాలు మీరు పంచొద్దు.

ఎడారిగాలి
గోడౌన్ బాబాయ్ 'సంత నడవని చోట' అని ఆపేశారు, అక్కడినుంచి నేను అందుకుంటా. కరువంటే తిండి లేకపోవడం అని మనం అనుకుంటాం. అమర్త్య సేన్ 1981లో వేరే మాట చెప్పారు. 1943 బెంగాల్ కరువులో చాలామందికి తిండి కొనే శక్తి పోయింది, బియ్యం ధర కూలీకి అందనంత ఎత్తుకి పోయింది. అలాంటి కరువులో డబ్బు పనిచేస్తుంది.

సోమాలియా చూడండి. 2011 జూలైలో ఐక్యరాజ్య సమితి అక్కడ కరువు ప్రకటించింది. దక్షిణ ప్రాంతం అల్‌షబాబ్ అనే సాయుధ ముఠా చేతిలో ఉంది, పెద్ద ఆహార సంస్థల్ని వాళ్లు రానివ్వలేదు. కానీ వ్యాపారులు సరుకు తెచ్చుకుంటున్నారు, హవాలా ఏజెంట్లు ఊరూరా ఉన్నారు. స్వచ్ఛంద సంస్థలు ఆ ఏజెంట్ల ద్వారానే లక్షలాది మందికి డబ్బు పంపాయి. అయినా ఆ కరువులో రెండున్నర లక్షలకి పైగా జనం చనిపోయారు, సాయం ఆలస్యం కావడం ఒక కారణం. ఆ ఆలస్యానికి ఒక కారణం, 'డబ్బు ఎవరి చేతికి పోతుందో' అన్న చర్చ నెలల తరబడి నడవడం.

దీనికి పూర్తి ఎదురు 2025లో గాజా. సరిహద్దు దాటి సరుకే రాకపోతే ఉన్న కొద్ది తిండి కోసం డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ పోటీపడతారు. పైగా అక్కడ బ్యాంకు శాఖలు, ఏటీఎంలు ధ్వంసమయ్యాయి, కొత్త నోట్లు లోపలికి రాలేదు. ఖాతాలో ఉన్న సొమ్ము నోటుగా మార్చుకోవాలంటే దళారీకి పెద్ద కమీషన్ కట్టాల్సి వచ్చేది. ఆ ఏడాది ఆగస్టులో గాజా గవర్నరేట్‌లో, అంటే గాజా నగరం ఉన్న జిల్లాలో, కరువు నిర్ధారణ అయింది. అప్పుడక్కడ ముందు లారీలు లోపలికి పోవాల్సింది, డబ్బు మాట తర్వాత.

పేమెంట్స్_పంతులు
'ఖాతాలో వేసేద్దాం' అన్నంత తేలిక కాదు, నేనీ పనిలోనే ఉన్నా. వరదలో గుర్తింపు కార్డు కొట్టుకుపోయినవాడికి ఖాతా ఎలా తెరుస్తారు? సిమ్ ఎవరి పేరు మీద ఉంది? చాలా ఇళ్లలో మగాడి పేరు మీద ఉంటుంది. జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో సిరియా శరణార్థులు 2016లో సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర కంటిపాప చూపించి సరుకు కొనడం మొదలుపెట్టారు, కార్డు లేదు, పిన్ లేదు. చూడ్డానికి అద్భుతం. కానీ శరణార్థి కంటిపాప డేటా ఎవరి సర్వర్‌లో ఉంటుంది, రేపు ఏ ప్రభుత్వం అడుగుతుంది? వద్దని చెప్పే స్వేచ్ఛ ఆకలితో ఉన్నవాడికి ఎక్కడుంది?

మౌనముని
మాకు నెట్‌వర్క్ రాని చోట ఓటీపీయే రాదు. కంటిపాప దాకా ఎందుకు.

తెల్లకాగితం
సరుకుల వెనక రాజకీయం ఎవరూ ఎత్తలేదేం? అమెరికా 1954లో ఆహార సాయం చట్టం చేసిందే తన దగ్గర మిగిలిపోయిన ధాన్యం వదిలించుకోవడానికి. అక్కడి రైతు పండించింది, సగమైనా అక్కడి జెండా ఉన్న ఓడల్లోనే పోవాలని రూలు. ఆ బియ్యం వెళ్లి హైతీ రైతుని ముంచింది. క్లింటనే 2010లో సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు.

అంకెలపిచ్చి
సగం సరే, సగం కాదు. క్లింటన్ ఒప్పుకున్నది ఆహార సాయం గురించి కాదు. 1990ల్లో హైతీ చేత బియ్యం దిగుమతి సుంకం తగ్గింపజేశారు, దాంతో సబ్సిడీ ఉన్న అమెరికా బియ్యం చవగ్గా వచ్చి పడింది. అది వ్యాపారం. సాయం సరుకు కూడా అదే పని చేయొచ్చు, కోత సమయంలో తెచ్చి పోస్తే. కానీ రెండూ ఒకటే అనకండి.

తెల్లకాగితం
రైతు మునిగాడా లేదా? దానికి జవాబు చెప్పండి చాలు.

గోడౌన్_బాబాయ్
మునిగాడు. ఎవరు ముంచారన్నది కూడా ముఖ్యమే నాయనా, లేకపోతే మందు తప్పు జబ్బుకి వేస్తాం. ఇప్పుడు చాలా సరుకు పక్క దేశంలోనో అదే దేశంలో పండిన చోటో కొంటున్నారు. ఓడల కథ పూర్తిగా పోలేదు గానీ పాతబడింది.

అంకెలపిచ్చి
ధరల మాట వచ్చింది కాబట్టి, నా దృష్టిలో అసలు విషయం ఇక్కడుంది. మెక్సికోలో ప్రభుత్వం కొన్ని గ్రామాలకి సరుకులు, కొన్నింటికి డబ్బు పంపింది. సరుకు దిగిన గ్రామాల్లో ధరలు తగ్గాయి, ముఖ్యంగా వ్యాపారులు తక్కువగా ఉండే మారుమూల చోట్ల. ఫిలిప్పీన్స్‌లో ఇంకా చేదు అనుభవం. నగదు పథకం ఎక్కువ కుటుంబాలకి చేరిన మారుమూల ఊళ్లలో త్వరగా పాడయ్యే గుడ్లలాంటి తిండి ధర పెరిగింది. పథకంలో లేని పిల్లల ఎదుగుదల దెబ్బతింది. జాబితాలో ఉన్న ఇల్లు బాగుపడితే, జాబితాలో లేని పక్కింటి బిడ్డ నష్టపోయాడు.

ఇక్కడికొచ్చేసరికి నాకు ఒకటే ప్రశ్న. ధర పెరిగితే దెబ్బ ఎవరికి? సరుకులిచ్చే సంస్థ అయితే ఆ దెబ్బ సంస్థకి. 70 కిలోలు ఇస్తామన్నది 70 కిలోలే ఇవ్వాలి, ఎక్కువ పెట్టి కొనుక్కోవాలి. డబ్బిచ్చే సంస్థ అయితే తాను ఒప్పుకున్న అంకె వేసి చేతులు దులుపుకుంటుంది, దెబ్బ ఆ ఇంటిది. నగదు మీద పెద్ద సంస్థలకి ఇంత ఇష్టం పెరగడంలో ఇదీ ఒక కారణమని నా అనుమానం. 'బాధితుల గౌరవం, వాళ్ల ఎంపిక' అన్న మాటల పక్కన ఇదీ ఉంది, ఎవరూ పైకి అనరు.

ఎడారిగాలి
తుర్కియేలో కళ్లారా చూశాను. సిరియా శరణార్థుల కోసం యూరప్ సొమ్ముతో 2016 చివర్లో కార్డుల పథకం మొదలైంది, ఆ తరహాలో చాలా పెద్దది. 2017లో మనిషికి నెలకి 120 లీరాలు (తుర్కియే కరెన్సీ) చేశారు. 2018లో లీరా కుప్పకూలింది. అంకె తర్వాత పెంచారు, కానీ లీరా పడిన వేగంతో కాదు. పథకం కాగితాల మీద జనం సంఖ్య పెరుగుతూనే ఉంది, ఆ డబ్బుకి బుట్టలో పడే సరుకు తగ్గుతూ ఉంది. లెబనాన్‌లో 2019 తర్వాత ఇంకా ఘోరం. దాతలు డాలర్లు పంపితే శరణార్థి చేతికి లెబనాన్ లీరాలు వచ్చేవి, అదీ బ్యాంకులు కట్టిన తక్కువ రేటుకి. తేడా మధ్యలో మిగిలిపోయింది.

అడ్డంగా_అడుగుతా
ఇంతసేపటికి నాకు నచ్చిన పోస్టు అంకెలపిచ్చిది. కానీ సరుకులిచ్చే సంస్థ కూడా డబ్బు చాలకపోతే రేషన్ సగానికి కోస్తుంది కదా? దెబ్బ అప్పుడూ ఆ ఇంటికే.

అంకెలపిచ్చి
కోస్తుంది. కానీ కోసినట్టు అందరికీ తెలుస్తుంది, పేపర్లో వస్తుంది, సంస్థ జవాబు చెప్పాలి. అంకె అలాగే ఉండి విలువ కరిగిపోతే వార్తే లేదు.

పేమెంట్స్_పంతులు
కూపన్లు ఎవరూ పట్టించుకోవట్లేదు.

గోడౌన్_బాబాయ్
పట్టించుకునేదేముంది. ఫలానా నాలుగు కొట్లలోనే చెల్లుతుందంటే ఆ నలుగురూ కలిసి ధర పెంచుతారు. రోజూ వెళ్లి ధరలు రాసుకొచ్చే మనిషి ఉంటే కూపన్ మంచిదే. ఉన్నాడా మీకు?

సందేహాలరావు
లేడు. మా సంగతి చెప్తా, మీరే తేల్చండి. ఎక్కువ కుటుంబాలున్న చోట రోడ్డు తెరుచుకుంది, అంగళ్లు నడుస్తున్నాయి, చాలామందికి ఖాతాలున్నాయి. వంతెన తెగిన అవతల కొన్ని ఊళ్లున్నాయి, అక్కడికి పడవ తప్ప దారి లేదు, కొట్లు ఖాళీ. వంతెన ఎప్పుడు కడతారో తెలియదు.

గోడౌన్_బాబాయ్
మరింకేం, జవాబు మీరే రాశారు. ఇవతల డబ్బు, అవతల సరుకు. వంతెన పడ్డాక అవతల కూడా డబ్బుకి మారండి. మీరు టోకున కొంటే ఎంత పడుతుంది, అవతలికి చేర్చడానికి ఎంత, అదే సరుకు ఇవతల చిల్లరగా ఎంతకి దొరుకుతోంది, మూడూ పక్కపక్కన రాసుకోండి. పడవ ఖర్చు కలిపినా టోకే చవకైతే కమిటీలో వాదనే అక్కర్లేదు. సరుకు కొనేటప్పుడు గింజలు కాకుండా మరపట్టినవే కొనండి, వంటచెరుకు ఎక్కడినుంచి వస్తుందో అడగండి. ఫొటోల దాతగారిని ఆ పడవ ఎక్కించండి.

తెల్లకాగితం
ఒకే వరదకి ఒకళ్లకి డబ్బు, ఇంకొకళ్లకి బస్తాలా? 'మాకెందుకు ఇవ్వరు' అని రెండు వైపులా గొడవలొస్తాయి.

నీలిగొడుగు
వస్తాయి. ఎందుకలా చేస్తున్నారో ముందే పిలిచి చెప్తే తగ్గుతాయి. మాకు ఎవరూ చెప్పలేదు, అందుకే అందరం అనుమానపడ్డాం.

అంకెలపిచ్చి
రావు గారూ, మొత్తం సొమ్ము మూడు నెలలకీ ముందే పంచేయొద్దు. కొంత ఆపి ఉంచండి. రెండో నెలకి ముందు సరుకుల ధరలు ఒకసారి చూసి, పెరిగితే ఆ నెల అంకె పెంచండి. పెరగకపోతే మూడో నెలలో కలిపి ఇచ్చేయండి.

సందేహాలరావు
ఆపి ఉంచితే కుటుంబాల సంఖ్య తగ్గించాల్సి వస్తుంది. జాబితా ఇప్పటికే ప్రకటించాం.

అడ్డంగా_అడుగుతా
అయితే నెలలు తగ్గించండి. మూడు నెలలు అరకొరగా ఇచ్చేకంటే రెండు నెలలు నిండుగా ఇవ్వడం నయం.

వార్డు_నర్సు
పసిపిల్లలున్న ఇళ్లకి మాత్రం మూడు నెలలూ ఉంచండి. మిగతాది మీ ఇష్టం.

నీలిగొడుగు
రెండు నెలలైనా మూడు నెలలైనా, ఏ తేదీన వస్తుందో ఖచ్చితంగా చెప్పండి. మాకు ఒకసారి పదో తారీకు అని చెప్పి నెలాఖరుకి ఇచ్చారు. ఆ మధ్యలో చేసిన అప్పు వడ్డీకే సగం పోయింది.

సందేహాలరావు
తేదీ మా చేతిలో ఉంది, అది రాసిస్తాను. రెండా మూడా అన్నది ఆదివారం కమిటీలో పెడతా. ఇవతలి వైపు ధరలు రాసుకొచ్చే పని నేనే చేస్తానని ఒప్పుకుంటున్నా. బాబాయ్, ఆ టోకు లెక్క కాగితం తయారైతే ఇక్కడ పెడతాను, ఒకసారి చూసిపెట్టండి.

గోడౌన్_బాబాయ్
పెట్టు. బస్తా ఖరీదు, ఎత్తుడు కూలి, తడిసి పోయేది, మూడూ వేరు వేరు గడుల్లో రాయి. అందరూ మూడోది మర్చిపోతారు.